కచేరీ రికార్డింగుల సీడీలు ఇచ్చిపుచ్చుకుంటే కేసవుతుందా?

ప్రశ్న: రిటైరైన బ్యాంకు ఉద్యోగిని. 1998 నుంచి శ్రీరామనవమి పందిళ్లలో, సభల్లో జరిగిన కర్ణాటక సంగీత కచేరీలు ముందు వరుసలో కూర్చుని రికార్డు చేసుకున్నాను. క్యాసెట్లు పాడైపోతున్నాయని ఇప్పుడు సీడీల్లోకి ఎక్కిస్తున్నాను. నాలాంటి సంగీతప్రియులు కొందరు తమ దగ్గరున్నవి ఇచ్చి నావి తీసుకుంటున్నారు. ఖాళీ సీడీకీ, కొరియర్‌కీ అయ్యే ఖర్చు తప్ప పైసా తీసుకోను. అయినా కేసవుతుందని మా అల్లుడు భయపెడుతున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీ అల్లుడు చెప్పింది సగం నిజం. సొంతానికి రికార్డు చేసుకుని ఇంట్లో వినడం తప్పు కాదు. కాపీరైట్ చట్టం 39వ సెక్షన్ ఆ వెసులుబాటు ఇచ్చింది. బోధనకూ, పరిశోధనకూ చేసుకున్నా అంతే. రికార్డింగ్ వద్దని సభవాళ్లు ముందే చెప్పి ఉంటే మాత్రం అది వేరే సంగతి.

చిక్కల్లా సీడీ మీ గడప దాటాకే. ఇంటికొచ్చిన వియ్యంకుడికి ఒకటి ఇచ్చారని ఎవరూ కోర్టుకెక్కరు. కానీ కచేరీల జాబితా పదిమందికీ పంపి, ‘ఇది నీకు, అది నాకు’ అనుకుంటే దాన్ని సొంత వాడకం అనడం కష్టం. తన ప్రదర్శన కాపీలు జనంలోకి వెళ్లాలా వద్దా అన్నది కళాకారుడి హక్కు. 38ఎ సెక్షన్ చెప్పేది అదే. ఈ హక్కు గాయకుడొక్కడిదే అనుకోకండి. వయొలిన్, మృదంగం, ఘటం వాయించినవాళ్లకూ ఉంది. చట్టంలోని నిర్వచనంలో గారడీవాడు, పాములాడించేవాడు కూడా ఉన్నారు, పక్కవాద్యాలను వదిలేస్తారా!

ఈ హక్కు 50 ఏళ్లు ఉంటుంది. లెక్క కచేరీ జరిగిన మరుసటి ఏడాది నుంచి. అంటే మీ 1998 కచేరీలకు 2048 చివరిదాకా. కీర్తన త్యాగరాజస్వామిదైతే రచన మీద ఎవరికీ హక్కు లేదు, ఆయన 1847లోనే సిద్ధి పొందారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి కృతి అయితే ఆయన పోయింది 2016లో కాబట్టి 2076 చివరిదాకా రచన హక్కు కూడా ఉంటుంది.

‘లాభం తీసుకోలేదు కదా’ అన్నది పూర్తి రక్షణ కాదు. తెలిసి హక్కు ఉల్లంఘిస్తే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. వ్యాపారం కోసం కాదని తేలితే, కారణాలు రాసి కోర్టు శిక్ష తగ్గించవచ్చు. అయితే ఇది పోలీసులు నేరుగా పట్టుకోగల, నాన్ బెయిలబుల్ నేరమని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. ‘మనల్నెవరు పట్టించుకుంటారు’ అన్న ధీమా మంచిది కాదు.

మరేం చేయాలి? అడగండి. చాలామంది విద్వాంసులు కాదనరు, అడగలేదనే నొచ్చుకుంటారు. ‘ఫలానా తేదీ కచేరీ, డబ్బు తీసుకోకుండా, సంగీతప్రియులకు మాత్రమే’ అని నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టించుకోండి. పక్కవాద్యాలవాళ్ల సంతకాలు కూడా. కళాకారులు లేకపోతే వారసులను అడగండి. రేడియోలో పట్టినవీ, బజార్లో ఆల్బమ్‌గా వచ్చినవీ ఇచ్చిపుచ్చుకునే వాటిలో కలపకండి. వాటికి వేరే హక్కుదారులుంటారు.

సీడీ మీద కళాకారులందరి పేర్లూ, ఊరు, తేదీ రాయండి. ప్రదర్శన తనదేనని చెప్పించుకునే హక్కు కూడా కళాకారుడికి ఉంది. నా దగ్గరా ఒక సీడీ ఉంది, దాని మీద ‘మంచి కాంభోజి’ అని రాగం పేరు మాత్రమే ఉంది. పాడిందెవరో ఈనాటికీ తెలియదు. ఇక రెండున్నర గంటల కచేరీ 80 నిమిషాల సీడీలో పట్టదు. నిడివి కోసం కత్తిరిస్తే పరువునష్టం కింద రాదని చట్టమే అంటోంది. కానీ తని ఆవర్తనం (మృదంగం, ఘటం మాత్రమే వాయించే భాగం) తీసేశారని తెలిస్తే మృదంగం ఆయన మీతో మాట్లాడరు. రెండు సీడీలు వాడండి.

ఇప్పటికే ఇచ్చేసినవాటి గురించి టెన్షన్ పడకండి, అనుమతి దొరికేదాకా కొత్తవి ఇవ్వడం మాత్రం ఆపండి. ఎవరైనా వద్దంటూ ఉత్తరం రాస్తే ఆ కచేరీని వెంటనే జాబితాలోంచి తీసేసి, తీసేశామని జవాబివ్వండి. పాత క్యాసెట్లు పారేయకండి. ఆ రికార్డింగులు మీరు స్వయంగా చేసుకున్నవేనని చూపించడానికి మీ చేతిరాత ఉన్న ఆ క్యాసెట్లే పనికొస్తాయి.