ఎర్ర చొక్కా చూస్తే ఎద్దు మీదికొస్తుందా?

"ఎర్ర చొక్కాతో ఎద్దుల దగ్గరికి వెళ్తే పొడుస్తాయా? ఎరుపంటే వాటికి కోపమా?" అని అడిగారు. ఆ రంగుకి కోపం రాదు. మాది ఒంగోలు దగ్గర పల్లె. బండలాగుడు పోటీల కోసం మా ఇంట్లో గిత్తల్ని సాకేవాళ్లు. నా చిన్నతనం సగం వాటి కొట్టంలోనే గడిచింది.

రంగుల్ని పట్టే కణాలు మన కంట్లో మూడు రకాలుంటే, పశువుల కంట్లో రెండే రకాలు. అందుకే ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా వాటికి సరిగా తెలియదు. స్పెయిన్ ఎద్దుల పోరులో ఎర్రగుడ్డ చివరి ఘట్టంలోనే బయటికొస్తుంది. అంతకు ముందు ఆడించే పెద్ద గుడ్డ మామూలుగా గులాబి, పసుపు రంగుల్లో ఉంటుంది. దాని మీదికీ ఎద్దు అలాగే దూకుతుంది. దాన్ని రేపేది గుడ్డ కదలిక.

నాకు పదకొండేళ్లప్పుడు సంక్రాంతికి ఎర్ర చొక్కా కుట్టించారు. అది వేసుకుని కొట్టంలోకి పోవాలంటే భయం. మా నాయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి గిత్త ముందు నిలబెట్టి, "చేతులు ఆడించబాక" అన్నాడు. అది చొక్కా వాసన చూసి మళ్లీ జొన్నచొప్పలో మూతి పెట్టింది. ఆ ఎండాకాలం తెల్లపంచెలో వచ్చిన మా మామ సరిగ్గా దాని వెనక నిలబడి గొడుగు టప్పున తెరిచాడు. గిత్త పలుపు తెంచుకుంది, మామ కిందపడి మోకాలు చిట్లింది. పశువుకి చుట్టూ చాలామేర కనబడుతుంది కానీ తోక వెనక నేరుగా ఉన్నది కనబడదు. కాబట్టి చొక్కా రంగు గురించి టెన్షన్ పడకండి. పక్కనుంచి, మాట్లాడుతూ, నిదానంగా వెళ్లండి.

ఎరుపు పట్టింపంతా మనుషులది. గిత్తలు పోటీ నుంచి రాగానే మా నాయనమ్మ ఎర్రనీళ్లతో దిష్టి తీసేది. పళ్లెంలో నీళ్లు, పసుపు, కాస్త సున్నం. సున్నం క్షారం కాబట్టి పసుపుకి ఆ రంగునిచ్చే కుర్కుమిన్ అనే పదార్థం ఎర్రబడుతుంది. పసుపు కొమ్ములకి నిమ్మరసం, వెలిగారం పట్టించి కుంకుమ కూడా ఇంట్లోనే చేసేది. అక్కడ ఎరుపు ఇంకో దారిలో వస్తుంది: వెలిగారంలోని బోరాన్ కుర్కుమిన్‌తో కలుస్తుంది. దిష్టికి ఎర్రనీళ్లే ఎందుకని అడిగితే, "చూసినోళ్ల కళ్లు ముందు దాని మీద పడాల" అనేది.

ఆ మాట తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో బాక్సింగ్, తైక్వాండో, కుస్తీ ఆటగాళ్లకి ఎరుపో నీలమో యాదృచ్ఛికంగా కేటాయించారు. ఎరుపు వచ్చినవాళ్లు కొంచెం ఎక్కువ గెలిచారని ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు 2005లో చూపించారు. ఎరుపు వేసుకున్నవాడికి బలం వచ్చిందా, ఎదుటివాడు బెదిరాడా అన్న చర్చ నడిచింది. 2008లో జర్మనీ పరిశోధకులు తైక్వాండో వీడియోల్లో రంగులు తారుమారు చేసి 42 మంది రిఫరీలకు చూపించారు. ఆట అదే అయినా, ఎరుపులో కనబడినవాడికి ఎక్కువ పాయింట్లు పడ్డాయి. అంటే చూసేవాడి మీద కూడా ఆ రంగు పనిచేస్తోంది.

ఒక సంగతి మాత్రం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. తాత పోయాక నాయనమ్మ చేత బొట్టు తీయించారు. పేరంటాలకు పిలవడం మానేశారు. గిత్తల నుదుట కుంకుమ పెట్టడానికి మాత్రం ఆమే కావాలి, ఆమె చెయ్యి మంచిదనేవాళ్లు. తను చేసిన కుంకుమ తను పెట్టుకోకూడదు. ఇందులో న్యాయం నాకు ఏ రోజూ కనబడలేదు. మా ఇంట్లో ఇప్పుడు ఆ పద్ధతి లేదు.

మీ ఇంట్లో తెల్లగిత్త ఉంటే ఒకటి చూడండి. మునిమాపు వేళ దాని నుదుటి బొట్టు ముందుగా నల్లబడుతుంది, పక్కనున్న పచ్చగడ్డి ఇంకా కనబడుతూనే ఉంటుంది. మసక వెలుగులో మన కన్ను ఎరుపునే ముందు వదిలేస్తుంది. పుర్కింజే అనే చెక్ శాస్త్రవేత్త 19వ శతాబ్దం మొదట్లో గమనించిన సంగతి ఇది. కాడికి అవతల ఉన్న జోడీ గిత్తకి ఆ బొట్టు పట్టపగలు కూడా మనకి కనబడేంత ఎర్రగా కనబడదు.