గుండెపురుగు మందు మోతాదు గురించి తమ్ముని కుమారునికి

చిరంజీవికి ఆశీస్సులు.

దోమకాటుతో చేరి గుండెలో పెరిగే గుండెపురుగు కుక్కకు సోకకుండా, ఆవుల కోసం తెచ్చిన ఐవర్‌మెక్టిన్ అనే పురుగులమందు ఇంజెక్షన్‌ను నాలుగు చుక్కలు అన్నంలో కలిపి పెడదామని రాశావు. దయచేసి ఆ పని చేయవద్దు. మన చిత్తూరు వైపు పాడి ఉన్న ఇళ్లలో ఆ సీసా ఉండటం సహజమే గానీ, అది పశువు బరువుకు తగినట్లు తయారైన మందు.

గుండెపురుగు నివారణకు నెలకొకసారి ఇచ్చే ఐవర్‌మెక్టిన్ మోతాదు కిలో బరువుకు 6 మైక్రోగ్రాములు. అంటే 10 కిలోల కుక్కకు 60 మైక్రోగ్రాములు చాలు. 1 శాతం ఇంజెక్షన్ మందులో ఒక్కో మిల్లీలీటరుకు 10,000 మైక్రోగ్రాములు ఉంటాయి కనుక, కావలసింది 0.006 మిల్లీలీటరు మాత్రమే. ఇంట్లోని మామూలు సిరంజితో దానిని కొలవలేము. మిల్లీలీటరుకు 20 చుక్కలని లెక్కవేసినా ఒక్క చుక్కలోనే ఎనిమిది రెట్లు మించిన మందు ఉంటుంది, నాలుగు చుక్కలైతే ముప్పై రెట్లు దాటుతుంది. కోలీ, షెట్లాండ్ షీప్‌డాగ్, ఆస్ట్రేలియన్ షెపర్డ్ వంటి జాతుల్లోనూ, వాటి సంకరాల్లోనూ కొన్నింటికి ఈ మందును మెదడులోకి చేరకుండా ఆపే జన్యువులో లోపం ఉంటుంది. అటువంటి కుక్కలకు కిలోకు 100 మైక్రోగ్రాములు దాటితే చాలు, విషమవుతుంది. నివారణ మోతాదు మాత్రం వాటికీ క్షేమమే. నీ కుక్క తల్లిదండ్రుల జాతి తెలియదన్నావు కాబట్టి నాకు మరీ భయంగా ఉంది.

కుక్కల కోసమే తయారైన నివారణ మాత్రను, బరువు పరిధి చూసి కొనాలి. కుక్కను ఎత్తుకొని తూకం యంత్రంపై నిలబడి, ఆ తరువాత నీ బరువు తీసివేస్తే సరిపోతుంది. కూన పెరిగే రోజుల్లో ప్రతి నెలా మందు ఇచ్చే ముందు తూచాలి. పెద్ద కుక్క మాత్రను ముక్కలు చేసి చిన్నదానికి పెట్టవద్దు.

ఏడు నెలలు దాటిన కుక్కకు మొదటి మాత్రకు ముందే రక్తపరీక్ష చేయించు. ఈ మందు దోమకాటుతో చేరిన లేత పురుగులను చంపుతుందే గానీ, గుండెలో పెరిగిన పురుగులను తొలగించదు. పైగా రక్తంలో పిల్లపురుగులు ఎక్కువగా ఉంటే అవి ఒక్కసారిగా చనిపోయి కుక్క కుప్పకూలవచ్చు. తిరుపతిలోని పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకురా, నేను వెంట వస్తాను. ఒక నెల మాత్ర మరచిపోతే గుర్తు వచ్చిన వెంటనే ఇవ్వు, రెట్టింపు మాత్రం ఇవ్వవద్దు. కొన్ని నెలలు తప్పితే వైద్యుని అడిగి మళ్లీ పరీక్ష చేయించాలి.

ఈ ఉత్తరం చేరే లోపే ఆ చుక్కలు పెట్టి ఉంటే, కంటిపాపలు పెద్దవి కావడం, చొంగ కారడం, తూలడం, వణకడం, చూపు తగ్గడం వంటి లక్షణాల కోసం ఎదురు చూడకుండా వెంటనే బయలుదేరు. దీనికి విరుగుడు మందు లేదు, ఆసుపత్రిలో కాపాడుకోవలసిందే. ఎంత పెట్టావో, ఎన్ని గంటలకు పెట్టావో రాసుకొని, ఆ సీసాను కూడా వెంట తీసుకురా.

ఇట్లు,
మీ పెదనాన్న