మూడేళ్ళను ఒక్క వాక్యంలో దాటేశావు

అమ్మాయ్,

వేల్స్ డిఫెండర్ ఈథన్ అంపాడు మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. బావుంది. వేల్స్ ఫుట్‌బాల్ గురించి తెలుగులో ఇంత ఓపిగ్గా రాసేవాళ్ళు నాకు తెలిసి లేరు, సంతోషం. ఇక అసలు సంగతికొస్తాను. నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది: “ఆ తర్వాత కొంతకాలం వివిధ క్లబ్బులకు లోన్ మీద ఆడి అనుభవం గడించిన అంపాడు, 2023లో లీడ్స్‌లో అడుగుపెట్టి తన సత్తా చాటాడు.” అది చదివి కాగితాలు బల్ల మీద పడేసి లేచిపోయాను. సాయంత్రం దాకా మళ్ళీ ముట్టుకోబుద్ధి కాలేదు.

కొంతకాలమా? సొంత క్లబ్ చెల్సీ అతన్ని అరువిచ్చిన నాలుగేళ్ళలో చివరి మూడు సీజన్లమ్మా! మూడు క్లబ్బులు. మూడూ కింది డివిజన్‌కు పడిపోయాయి. 2021లో షెఫీల్డ్ యునైటెడ్, 2022లో వెనెజియా, 2023లో స్పెజియా. ఇరవై నిండిన దగ్గర్నుంచి ఇరవై మూడు నిండేలోగా ఒక కుర్రాడు వరసగా మూడు జట్లతో కలిసి దిగిపోయాడు. మధ్యమధ్యలో దేశం పిలిస్తే వెళ్ళి ఎర్ర చొక్కా తొడుక్కుని యూరో ఆడాడు, ప్రపంచ కప్ ఆడాడు. అంపాడు గురించి రాయదగ్గదంతా అక్కడే ఉంది. నువ్వేమో “అనుభవం గడించిన” అని రెండు మాటల్లో దాటేశావు.

నేను ముప్పై ఏళ్ళుగా ఒకే మాట చెబుతున్నాను, నీకూ చెబుతాను. ఆటగాడి గురించి రాయాలంటే అతను ఓడిన ఏళ్ళు రాయి. గెలిచిన ఏళ్ళు అందరూ రాస్తారు, వాటికి కెమెరాలున్నాయి, పాటలున్నాయి. ఓడిన ఏళ్ళకు రాసేవాడు తప్ప దిక్కు లేదు.

షెఫీల్డ్ దగ్గర మొదలుపెట్టు. 2020-21. కరోనా రోజులు, స్టేడియాల్లో జనం లేరు. మొదటి 17 లీగ్ మ్యాచ్‌ల్లో ఆ జట్టుకు ఒక్క గెలుపు లేదు. 2021 జనవరి 12న న్యూకాజిల్ మీద 1-0తో గెలిచాకే ఊపిరి పీల్చుకున్నారు. ఆ నెలాఖర్లోనే మాంచెస్టర్ వెళ్ళి యునైటెడ్‌ను వాళ్ళ మైదానంలోనే 2-1తో ఓడించారు. అయినా సీజన్ ముగిసేసరికి 23 పాయింట్లు, అట్టడుగు స్థానం. ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగులో ఈ కుర్రాడికి అది మొదటి పూర్తి సీజన్. ఓడుతున్న జట్టులో, ఖాళీ కుర్చీల మధ్య, వారం వారం బూట్లు కట్టుకుని దిగడం ఎలా ఉంటుందో నీ వ్యాసంలో ఒక్క వాక్యం లేదు.

ఆ వేసవిలోనే రోమ్. 2021 జూన్ 20, యూరోలో ఇటలీతో మ్యాచ్. దీని గురించి నువ్వు రాసింది చూశాను: “దురదృష్టవశాత్తూ రెడ్ కార్డు పొందాడు.” ఆ “దురదృష్టవశాత్తూ” కొట్టెయ్. 55వ నిమిషంలో బంతి కోసం కాలు చాపాడు. బంతి దొరకలేదు. కాలు వెళ్ళి ఇటలీ ఆటగాడు బెర్నార్దెస్కీ చీలమండ మీద పడింది. రెఫరీ జేబులోంచి నేరుగా ఎర్ర కార్డు తీశాడు. యూరో చరిత్రలో రెడ్ కార్డు చూసినవాళ్ళలో అంతవరకూ అంత చిన్నవాడు లేడు. పది మందితో మిగిలిన వేల్స్ 1-0 తేడాను పెరగనివ్వకుండా కాపాడుకుంది. గోల్స్ తేడాతో స్విట్జర్లాండ్‌ను వెనక్కి నెట్టి రెండో స్థానంతో ముందుకెళ్ళింది. తర్వాతి మ్యాచ్ ఆమ్‌స్టర్‌డామ్‌లో డెన్మార్క్‌తో. నిషేధం వల్ల అంపాడు ఆడలేదు. వేల్స్ 4-0తో ఓడింది. ఇదంతా వరసగా రాస్తే చాలు, జాలి మాటలు అక్కర్లేదు. చదివేవాడికి ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడ గుచ్చుకుంటుంది.

ఇంకో సంగతి. రోమ్‌లో మైదానం విడిచి బయటికి నడిచిన కుర్రాడు మూడు నెలలు తిరక్కుండానే అదే దేశంలో ఆడటానికి వెళ్ళాడు. వెనెజియాకు. 19 ఏళ్ళ తర్వాత ఇటలీ అగ్రశ్రేణి లీగు సీరీ ఎ లోకి వచ్చిన క్లబ్ అది. వాళ్ళ స్టేడియం పేరు పియెర్ లుయీజీ పెంజో, సాంతెలెనా దీవి మీద ఉంటుంది. ఇటలీలోని పాత స్టేడియాల్లో ఒకటి. అభిమానులు పడవలెక్కి మ్యాచ్‌కు వస్తారు. ఇలాంటి చోటు దొరికితే రాసేవాడికి పండగ కదా, ఎందుకు వదిలేశావు? ఆ సీజన్ చివర వెనెజియాది ఆఖరి స్థానం.

ఇప్పుడు ఇటలీలోనే ఇంకో క్లబ్, స్పెజియా. నన్నడిగితే నీ వ్యాసం ఇక్కడ మొదలవ్వాలి. 2022-23 సీజన్ ముగిసేసరికి స్పెజియాకు 31 పాయింట్లు, వెరోనాకు 31 పాయింట్లు. పాయింట్లు సమానమైతే ఒకే ఒక్క మ్యాచ్‌తో తేల్చాలన్న నిబంధన ఆ ఏడాదే మళ్ళీ వచ్చింది. జూన్ 11న, ఇద్దరిదీ కాని ఊరు రెజ్జో ఎమీలియాలో ఆడారు. గెలిచిన జట్టు ఉంటుంది, ఓడిన జట్టు దిగిపోతుంది. ఐదో నిమిషంలో ఫరావోనీ వెరోనాకు గోల్ కొట్టాడు. పదిహేనో నిమిషంలో స్పెజియా సమం చేసింది. ఎవరు కొట్టారు? మన అంపాడే! అంతకుముందు రెండేళ్ళలో రెండు జట్లతో మునిగినవాడు, మూడోసారి మునగకుండా చూద్దామని వెనక నుంచి ముందుకొచ్చి గోల్ కొట్టాడు. ఆ ఆనందం పదకొండు నిమిషాలు. 26వ నిమిషంలో వెరోనా ఆటగాడు ఎన్‌గోంజ్ ఒకటి, 38వ నిమిషంలో ఇంకొకటి. రెండో సగంలో ఫరావోనీ బంతిని చేత్తో ఆపి రెడ్ కార్డు మీద బయటికెళ్ళాడు, స్పెజియాకు పెనాల్టీ వచ్చింది. ఎన్‌జోలా తన్నాడు, వెరోనా గోల్‌కీపర్ మోంతిపో ఆపేశాడు. 3-1. స్పెజియా దిగిపోయింది.

ఆ గోల్ నీ వ్యాసంలో లేదు. 2024 జనవరిలో ఎఫ్.ఏ. కప్‌లో పీటర్‌బరో మీద కొట్టిన రెండు గోల్స్ మాత్రం ఉన్నాయి. ఆ మ్యాచ్ లీడ్స్ 3-0తో గెలిచింది కాబట్టి ఉన్నాయి. నాకు కోపం తెప్పించింది ఇదే. నిజమే, ఈ తప్పు నీ ఒక్కదానిదే కాదు. మన ఆటల పేజీలు మీ తరానికి నేర్పింది ఇంతే.

నేను డెస్క్‌లో చేరిన కొత్తలో హైదరాబాదు లీగులో ఒక చిన్న జట్టు ఉండేది. దాని స్టాపర్, అంటే వెనక వరస మధ్యలో ఆడేవాడు, బ్యాంకు ఉద్యోగి. పగలంతా కౌంటర్లో కూర్చుని, సాయంత్రం లాల్ బహదూర్ స్టేడియంకు వచ్చి ఆడేవాడు. ఆ ఏడాది వాళ్ళు కింది డివిజన్‌కు పోయారు. ఆఖరి మ్యాచ్ అయ్యాక అతనితో పాటు వాళ్ళింటికి వెళ్ళాను. తడి తువ్వాల్లో ఐసు ముక్కలు మూటగట్టి మోకాలి మీద పెట్టుకుని, ఆ రోజు తిన్న మూడో గోల్ గురించి గంటసేపు చెప్పాడు. తను ఎక్కడ నిలబడ్డాడో, ఎక్కడ నిలబడాల్సిందో చాప మీద అగ్గిపెట్టె, చెంచా, గ్లాసు పెట్టి చూపించాడు. వాళ్ళావిడ భోజనానికి పిలిచినా లేవలేదు. రాత్రికి రాత్రే కూర్చుని రాశాను. నేను రాసినవాటిలో మంచిదని ఇప్పటికీ అనుకుంటాను. మా ఎడిటర్ చదివి “ఓడిపోయిన జట్టులో హీరో ఎవడయ్యా?” అన్నాడు. నాలుగు లైన్లు మిగిల్చాడు, అందులో రెండు లైన్లు స్కోరు. మిగిలిన చోట్లో ఒక క్రికెటర్ పెళ్ళి ఫోటో వేశాడు. ఆ ఎడిటర్ పోయి చాలాకాలమైంది. ఆ నాలుగు లైన్లు మాత్రం నా కడుపులో ఇంకా మండుతూనే ఉన్నాయి.

అప్పుడు హీరో పిచ్చి. ఇప్పుడు అంకెల పిచ్చి. నీ వ్యాసంలోనూ పాసుల శాతం, ట్యాకిళ్ళ లెక్క, ట్రాన్స్‌ఫర్ ధర పట్టికలు కట్టి పెట్టావు. తీసెయ్. డిఫెండర్ చేసే పని చాలావరకూ ఏ పట్టికకూ ఎక్కదు. రెండడుగులు ముందే పక్కకు జరిగి నిలబడితే ఎదుటివాడు పాస్ ఇవ్వడమే మానుకుంటాడు. ఇవ్వని పాస్‌ను ఎవడు లెక్కపెడతాడు? షెఫీల్డ్‌కు ముందు అతను లోన్ మీద ఆడిన జర్మనీ జట్టు లైప్‌జిగ్, 2020 ఫిబ్రవరిలో లండన్ వెళ్ళి టోటెనమ్‌ను చాంపియన్స్ లీగ్‌లో 1-0తో ఓడించింది. పంతొమ్మిదేళ్ళ అంపాడును వెనక వరసలో మొదటి నుంచీ ఆడించారు. మనకు అది తెల్లవారుజామున మూడున్నరకు ముగిసింది, అప్పటికి జిల్లా ఎడిషన్లన్నీ వెళ్ళిపోయి ఉంటాయి. గోల్ పెనాల్టీ మీద వెర్నర్ కొట్టాడు. ఆ మ్యాచ్ వీడియో దొరికితే బంతిని వదిలేసి తొంభై నిమిషాలూ అంపాడును మాత్రమే చూడు. బంతి లేనప్పుడు మెడ ఎన్నిసార్లు తిప్పుతాడో, పక్కవాడికి చేత్తో ఎటు పొమ్మని చూపిస్తాడో చూసి, అది రాయి.

“తర్వాతి బేల్” అన్న మొదటి వాక్యం ఎందుకు పెట్టావో నాకర్థం కాలేదు. గారెత్ బేల్ వేల్స్‌కు 111 మ్యాచ్‌ల్లో 41 గోల్స్ కొట్టిన ఫార్వర్డ్. ఇతను గోల్స్ ఆపేవాడు. పోలిక ఎక్కడ కుదిరింది? చిన్న దేశంలో కొత్త కుర్రాడు కనిపిస్తే పాత పెద్దాయన పేరు నుదుటన అతికించడం ఇంగ్లండ్ పత్రికల అలవాటు. దాన్ని మనమెందుకు మొయ్యాలి? వేల్స్ జనాభా ముప్పై లక్షల పైచిలుకు. 1958 తర్వాత ప్రపంచ కప్‌కు వెళ్ళడానికి 64 ఏళ్ళు పట్టింది. 2022 నవంబరులో ఖతార్‌లో అమెరికా మీద బేల్ పెనాల్టీతో 1-1 తెచ్చుకున్నారు. ఇరాన్‌తో మ్యాచ్‌లో తొంభై నిమిషాలూ నిలబడి, అదనపు సమయంలో రెండు గోల్స్ ఇచ్చేశారు. ఇంగ్లండ్ చేతిలో 3-0తో ఓడారు. మూడింటిలోనూ మొదటి పదకొండు మందిలో అంపాడు ఉన్నాడు. అక్కణ్ణుంచి తిరిగి వెళ్ళింది ఎక్కడికి? స్పెజియాకు, మళ్ళీ అట్టడుగు పోరాటానికి. నీ వ్యాసంలో ఖతార్ ఒక పేజీలో ఉంది, స్పెజియా పేరు ఇంకో పేజీలో జాబితాలో ఉంది. రెండూ ఒకే సీజన్ అని చదివేవాడికి తెలియనే తెలియదు.

బాల్యం భాగం బావుంది, అలాగే ఉంచు. ఎక్సెటర్‌లో పుట్టడం, తండ్రి క్వామె కూడా ఆటగాడే కావడం, తల్లి వైపు వేల్స్, తండ్రి వైపు ఘనా, ఐర్లాండ్ కావడం, ఇంగ్లండ్ అండర్-16 చొక్కా వేసుకుని కూడా చివరికి వేల్స్‌ను ఎంచుకోవడం, అన్నీ సరిగ్గా రాశావు. పదహారు నిండకుండా ఎక్సెటర్ సిటీకి ఆడి, ఆ క్లబ్‌లో అందరికన్నా చిన్న ఆటగాడిగా క్లిఫ్ బాస్టిన్ పేరిట ఉన్న రికార్డు తుడిచేశాడని రాశావు. బాస్టిన్ ఎవరో ఒక్క వాక్యం చెప్పు, తర్వాత ఆర్సెనల్‌కు 178 గోల్స్ కొట్టినవాడు ఆయన. 2017 నవంబరులో, పదిహేడు నిండి రెండు నెలలు కాకుండానే, పారిస్‌లో ఫ్రాన్స్ మీద దేశం తరఫున దిగాడన్నదీ బావుంది. అక్కణ్ణుంచి చెల్సీ దగ్గర ఆగు. ఆరేళ్ళు ఆ క్లబ్ మనిషిగా ఉండి మొదటి జట్టుకు ఆడింది 12 మ్యాచ్‌లు. ఆ పన్నెండూ 2019లో లోన్లు మొదలవకముందే అయిపోయాయి. తర్వాత నాలుగేళ్ళు ఊరూరా తిప్పారు, మళ్ళీ ఒక్కసారి కూడా లీగు మ్యాచ్‌లో దింపలేదు. పెద్ద క్లబ్బులు పిల్లల్ని కొని గోదాములో పడేసినట్టు పడేసే పద్ధతి ఇది. దాని మీద నీకు కోపం రాలేదా? వస్తే కాగితం మీద కనిపించాలి.

ఇక లీడ్స్‌లో “సత్తా చాటాడు” అన్నావు. మొదటి ఏడాది ఇంగ్లండ్ రెండో డివిజన్‌లో 46 లీగ్ మ్యాచ్‌లూ ఆడాడు. జట్టు 90 పాయింట్లతో మూడో స్థానంలో నిలిచి, 2024 మే 26న వెంబ్లీలో, పై డివిజన్‌కు ఎవరు ఎక్కాలో తేల్చే ప్లేఆఫ్ ఫైనల్‌లో సౌతాంప్టన్ చేతిలో 1-0తో ఓడింది. అంతకు రెండు నెలల ముందు కార్డిఫ్‌లో పోలండ్‌తో పెనాల్టీల్లో ఓడి వేల్స్ యూరోకు వెళ్ళలేకపోయింది. అంటే నాలుగో ఏడు కూడా వేసవి ఓటమితోనే వచ్చింది. ఆ తర్వాత అతన్నే కెప్టెన్‌ను చేశారు. రెండుసార్లు మోకాలు దెబ్బతిని కూర్చున్నాడు. 2025 మే 3న ప్లిమత్‌లో ఆఖరి నిమిషాల్లో గెలిచి లీడ్స్ సరిగ్గా 100 పాయింట్లు అందుకుంది. బర్న్‌లీకీ 100 పాయింట్లే, గోల్స్ తేడాతో లీడ్స్‌కు టైటిల్. ఆ కప్పు పైకెత్తింది ఇతనే. నువ్వు దీనికి రెండు పేజీలిచ్చావు. ముందు మూడేళ్ళూ రాయకపోతే ఆ రెండు పేజీలకు బరువెక్కణ్ణుంచి వస్తుంది?

కలం పేరు సంగతి, ఏ పత్రికకు పంపాలన్న సంగతి, పుస్తకంగా తేవచ్చా అన్న సంగతి అడిగావు. వాటి గురించి ఇప్పుడు రాయను. ముందు వ్యాసం తిరగరాయి. రెజ్జో ఎమీలియాలో పదిహేనో నిమిషం దగ్గర మొదలుపెట్టి, అక్కణ్ణుంచి వెనక్కీ ముందుకూ నీకు తోచినట్టు వెళ్ళు. పట్టికలొద్దు, ఫోటోలు పంపొద్దు, అక్షరాలు కాస్త పెద్దవిగా కొట్టించు. పొడుగు ఎక్కువైందని భయపడకు. కోయాల్సి వస్తే బేల్ పేరాలు కోద్దాం.