‘కనెక్టివిటీ’ చదువుతానంటోంది, ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరం, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్. పీజీలో కనెక్టివిటీ మీద పనిచేస్తానంటోంది. అంటే నెట్‌వర్కింగ్ ఉద్యోగమా అని అడిగితే కాదంటుంది. ఒకరోజు మెదడు అంటుంది, ఇంకోరోజు అడవులు అంటుంది. నాకు టెన్షన్‌గా ఉంది. ముందు సీసీఎన్‌ఏ (సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) చేయించమని తెలిసినవాళ్లు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ అమ్మాయి రోజుకో మాట మార్చడం లేదండీ. తను చెప్పినవన్నీ నిజంగానే కనెక్టివిటీ కిందకి వస్తాయి. కాకపోతే ఒక్కో రంగంవాళ్లు ఒక్కోదాన్ని ‘లింకు’ అంటారు, అది ఉందని తేల్చే పద్ధతి కూడా వేరు, దాన్నిబట్టే రోజంతా చేసే పని మారిపోతుంది. అందుకని కోర్సు పేరు చూసి నిర్ణయం తీసుకోవద్దు. ఇక్కడ లింకంటే ఏమిటి, దాన్ని ఎలా కొలుస్తారు అని అడగమనండి.

అన్నిటికీ అడుగున ఉన్న లెక్క మాత్రం ఒకటే, గ్రాఫ్ థియరీ, అంటే బిందువులు, వాటిని కలిపే గీతల లెక్క. కోనిగ్స్‌బర్గ్‌లోని ఏడు వంతెనల్నీ ఒక్కోసారే దాటుతూ తిరిగిరావడం కుదరదని ఆయిలర్ అనే గణితవేత్త తేల్చింది 1736 ప్రాంతంలో. దూరాలు, ఆకారాలు అన్నీ వదిలేసి ఏది దేనితో కలిసి ఉందన్నది ఒక్కటే పట్టుకున్నాడు. ఈ లెక్కలో కనెక్టివిటీ ఒక అంకె: కనీసం ఎన్ని బిందువులు తీసేస్తే నెట్‌వర్కు ముక్కలవుతుంది? పక్కపక్కన లేని రెండు బిందువుల్ని విడదీయాలంటే కనీసం ఎన్ని తీసేయాలో, వాటి మధ్య ఒకదాన్నొకటి తాకని దారులు కూడా సరిగ్గా అన్నే ఉంటాయని 1927లో మెంగర్ అనే గణితవేత్త నిరూపించాడు. 1973లో ఫీడ్లర్ అనే ఇంకో గణితవేత్త ఇదే ప్రశ్నని, నెట్‌వర్కుని మాత్రికగా రాస్తే వచ్చే ఐగెన్ విలువల్లోకి తెచ్చాడు. మీ అమ్మాయి లీనియర్ ఆల్జీబ్రా చదివే ఉంటుంది కాబట్టి ఇందులో సగం దూరం వచ్చేసినట్టే. (జామెట్రీ సిలబస్‌లో ‘కనెక్షన్’ అని కనిపిస్తే మాత్రం కంగారు పడొద్దు, అది వంపు తిరిగిన తలం మీద ఒక చోటి దిశని ఇంకో చోటి దిశతో పోల్చే పద్ధతి, దీనికీ దానికీ సంబంధం లేదు.)

కంప్యూటర్ నెట్‌వర్కుల్లో లింకంటే కేబులో, సిగ్నలో. కానీ కేబుల్ పెట్టి ఉంటుంది, లైటు వెలుగుతుంటుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. తీగ కలిసి ఉండటం వేరు, అవతలి మిషన్‌ని చేరగలగడం వేరు, ఆ ఉద్యోగంలో చాలా భాగం ఈ రెంటి మధ్యనే నడుస్తుంది. ఒక దారి తెగినా ఇంకో దారిలో సమాచారం వెళ్లేలా కట్టాలని 1964లో పాల్ బరాన్ అనే ఇంజినీర్ రాసినదాని వెనక ఉన్నది మెంగర్ చెప్పిన లెక్కే.

మెదడు దగ్గరికొస్తే విషయం చిక్కగా ఉంటుంది, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను. అక్కడ మూడు రకాలు మాట్లాడతారు. నరాల దారులు నిజంగా ఎక్కడి నుంచి ఎక్కడికి ఉన్నాయన్నది స్ట్రక్చరల్. స్కానర్‌లో పడుకోబెట్టినప్పుడు రెండు ప్రాంతాల సిగ్నళ్లు కలిసి పెరిగి కలిసి తగ్గుతుంటే ఫంక్షనల్. ఏది దేన్ని నడిపిస్తోందన్నది ఎఫెక్టివ్. రెండోదానికి మధ్యలో నేరుగా నరం ఉండాల్సిన పని లేదు, మూడో ప్రాంతం ఏదో రెంటినీ కదిలిస్తుండొచ్చు, మనిషి తల కొంచెం కదిపినా లేని సంబంధం ఉన్నట్టు కనిపించొచ్చు. అంటే ఇది సగానికి పైగా స్టాటిస్టిక్స్ పని, డేటా శుభ్రం చేసే ఓపిక పని. సి. ఎలిగాన్స్ అనే చిన్న పురుగుకి ఉన్నవి 302 న్యూరాన్లే, వాటి వైరింగ్ 1986లోనే అచ్చయింది, అయినా దాని ప్రవర్తన మొత్తం ఆ పటం ఒక్కదాని నుంచి చెప్పలేకపోతున్నారు. 2024లో పండ్ల ఈగ మెదడు పటం వచ్చింది, దాదాపు 1.39 లక్షల న్యూరాన్లు. పని ఎంత మిగిలి ఉందో ఊహించుకోండి.

అడవుల సంగతి ఇంకో తీరు. ఒక ప్రాంతం జీవుల రాకపోకలకి ఎంత సాయపడుతుంది, ఎంత అడ్డుపడుతుంది అన్నదే అక్కడ కనెక్టివిటీ. ఒకే రోడ్డు కప్పకి గోడ, పక్షికి ఏమీ కాదు. కాబట్టి ఏ జీవికి అని అడగకుండా ఆ మాటకి అర్థం లేదు. నదికి అడ్డంగా ఆనకట్ట కడితే చేపకి దారి పోతుంది. అలాగని కలపడం ఎప్పుడూ మంచిదే అనుకోవడానికి లేదు, అదే దారిలో రోగాలూ, బయటి నుంచి వచ్చిపడే జాతులూ నడుస్తాయి. విద్యుత్ సర్క్యూట్ లెక్కలని నేల మీదకి తెచ్చిన ‘సర్క్యూట్‌స్కేప్’ అనే సాఫ్ట్‌వేర్‌ని ఇక్కడ వాడతారు, నేలలో ప్రతి ముక్కనీ ఒక రెసిస్టర్‌గా తీసుకుంటుంది. మీ అమ్మాయికి ఇది చూపించండి, నచ్చుతుందనుకుంటా. కానీ ఉపగ్రహ చిత్రాలతో, ఫీల్డ్ పనితో బతకాలి, అది ముందే తెలియాలి.

భాషలోనూ ఉంది ఈ ప్రశ్న, అక్కడ లింకంటే రెండు వాక్యాల మధ్య సంబంధం. ‘వాన పడింది. మ్యాచ్ ఆగిపోయింది.’ మధ్యలో ‘కాబట్టి’ లేకపోయినా మనకి అర్థమవుతుంది, కంప్యూటర్‌కి అర్థమయ్యేలా చేయడం ఒక ఉద్యోగం.

ఇక నా సలహా. పేరులోనే ఒక సన్నని రంగం ఉన్న పీజీలో ఇప్పుడే ఇరుక్కోవద్దు. స్టాటిస్టిక్స్‌లోనో, అప్లైడ్ మ్యాథ్స్‌లోనో చేరి, నెట్‌వర్క్ సైన్స్ ఎలెక్టివ్ తీసుకుని, ప్రాజెక్టు దగ్గర రంగం ఎంచుకోవడం తనకి సురక్షితం. ల్యాబ్‌లో జీవశాస్త్రం చేయాలని ఉంటే మాత్రం న్యూరోసైన్స్‌కి వెళ్లాలి, అప్పుడు బయాలజీ లోటు పూడ్చుకోవడానికి సమయం పడుతుంది. ఈలోగా పైథాన్‌లో నెట్‌వర్క్‌ఎక్స్ అనే లైబ్రరీ నేర్చుకుని, ఉచితంగా దొరికే ఆ పురుగు న్యూరాన్ల డేటా ఒకటి, ఏదైనా రవాణా నెట్‌వర్కు ఒకటి తీసుకుని, బిందువులు ఒక్కొక్కటే తొలగిస్తూ ఎక్కడ విరుగుతుందో చూడమనండి. లెక్క అందరికీ సరదాగానే ఉంటుంది. ఆ తర్వాత ఆ డేటాని ఎలా సేకరించారో చదవమనండి. ఏది చదువుతుంటే విసుగు రాలేదో అదే తన రంగం, నా లెక్కలో.

ఇంకొకటి. గ్రానొవెట్టర్ అనే సామాజికవేత్త 1973లో అచ్చయిన తన అధ్యయనం కోసం ఉద్యోగాలు మారినవాళ్లని అడిగితే, పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో ఎక్కువమందికి కబురు వచ్చింది దగ్గరివాళ్ల నుంచి కాదు, అప్పుడప్పుడూ కలిసేవాళ్ల నుంచి. కాబట్టి తనకి అంతగా తెలియని సీనియర్లకీ, లెక్చరర్లకీ మొహమాటపడకుండా మెయిల్ రాయమనండి.

సీసీఎన్‌ఏ సంగతంటారా, రౌటర్లు, స్విచ్‌ల పని చేసేవాళ్లకి అది మంచి సర్టిఫికెటే. కానీ మూడేళ్లే చెల్లుతుంది, పీజీలో రెండేళ్లు పోతాయి, పైగా తను ఆ పని వద్దంటోంది. ఆ డబ్బు ఇప్పుడు పెట్టకండి.