సౌర జ్వాలలను లెక్కపెట్టే ముందు

విజయవాడ

తమ్ముడికి ఆశీస్సులు.

గుంటూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం చదివాను. చదివించే గుణం ఉంది. కానీ "సూర్యమచ్చలు ఎక్కువున్న ఏడే పెద్ద జ్వాలలు వస్తాయి" అని రాశావు. అది సగమే నిజం. మచ్చలంటే సూర్యుడి మీద నల్లగా కనబడే చోట్లు, జ్వాలలంటే ఉన్నట్టుండి పేలే ఎక్స్-కిరణాల మెరుపులు. మచ్చలు దాదాపు పదకొండేళ్ళకోసారి పెరిగి తగ్గే సౌర చక్రాల్లో 23వది 2001 నవంబరులో గరిష్ఠానికి చేరింది. దానిలోని అతి పెద్ద జ్వాల మాత్రం 2003 నవంబరు 4న వచ్చింది. చక్రం దాదాపు అడుగంటాక, 2006 డిసెంబరు 5న కూడా అతి తీవ్రమైన తరగతిలోని ఎక్స్9 జ్వాల ఒకటి పేలింది. 24వ చక్రం గరిష్ఠం 2014 ఏప్రిల్‌లో అయితే, అందులో అన్నిటికన్నా పెద్ద జ్వాల 2017 సెప్టెంబరు 6న వచ్చింది. మచ్చలతో పాటు పెరిగేది జ్వాలల సంఖ్య. ఏది పెద్దదవుతుందన్నది వేరే సంగతి. ఏడాది వాన మొత్తం తెలిసినంత మాత్రాన ప్రకాశం బ్యారేజీకి ఏ రోజు ఎంత వరద వస్తుందో చెప్పలేం కదా, ఇదీ అంతే.

ఇక తరగతులు. ఎక్స్-కిరణాల తీవ్రతను బట్టి ఏ, బీ, సీ, ఎం, ఎక్స్: ఒక్కో మెట్టుకు పది రెట్లు. పక్కనున్న అంకె ఆ మెట్టులో ఎన్ని రెట్లో చెప్తుంది. కాబట్టి సీ9, ఎం1 పక్కపక్క ఇళ్ళవాళ్ళు. ఎం1, ఎం9 మధ్య దూరం చాలా ఎక్కువ. అక్షరాల వారీగా కడ్డీల పటం గీస్తే ఈ తేడా మాయమైపోతుంది. దానికి బదులు ప్రతి జ్వాల గరిష్ఠ తీవ్రతనూ తీసుకుని, ఆ తీవ్రతా అంతకు మించీ ఉన్నవి ఎన్నో లెక్కించి, రెండు అక్షాలూ లాగరిథమ్‌లో, అంటే ఒక్కో గడికి పది రెట్లు పెరిగే కొలతలో పెట్టి గియ్యి. దాదాపు తిన్నని గీత వస్తుంది. ఎం1 దాటినవి వంద ఉంటే ఎక్స్1 దాటినవి పది ప్రాంతంలో ఉంటాయి. చక్రం ఎక్కినా దిగినా ఆ గీత వాలు పెద్దగా మారదు, గీత పైకీ కిందికీ జరుగుతుందంతే. నీ వ్యాసానికి ప్రాణం ఈ ముక్కే. దీని మీద రెండు పేరాలు ఖర్చు పెట్టినా ఎక్కువ కాదు.

ఇప్పుడు నీ పట్టికలోని తప్పులు. గరిష్ఠ కాలంలో బీ తరగతి జ్వాలలు తగ్గాయని చూపించావు. అవి తగ్గలేదు. ఆ రోజుల్లో సూర్యుడి మామూలు ఎక్స్-కిరణాల వెలుగే బీ స్థాయిని దాటిపోతుంది, చిన్నవి అందులో మునిగిపోతాయి. చక్రాలను పోల్చాలంటే ఎం1 నుంచి మొదలుపెట్టు.

రెండోది ఇంకా పెద్దది. జ్వాలల ఎక్స్-కిరణాలను కొలిచే అమెరికా గోస్ ఉపగ్రహాల్లో గోస్-15 వరకు రోజువారీ నివేదికల్లో తీవ్రతను 0.7తో గుణించి చూపేవారు. గోస్-16 నుంచి ఆ గుణకం లేదు. అంటే పాత జాబితాలో ఎం7గా ఉన్నది ఈనాటి కొలతలో ఎక్స్1. రెంటినీ కలిపేసి "ఈ చక్రంలో ఎక్స్ జ్వాలలు పెరిగాయి" అంటే, పెరిగింది సూర్యుడిలో కాదు, కొలతలో. పాతవాటిని 0.7తో భాగించి, ఆ తర్వాత తరగతి నిర్ణయించు. కొన్ని పాత జాబితాలను ఈ గుణకం తీసేసి మళ్ళీ విడుదల చేశారు. నీ చేతిలో ఉన్నది ఏదో ముందు చూసుకో, రెండుసార్లు భాగించేవు. 2003 నవంబరు 4 నాటి జ్వాలకు ఇచ్చిన ఎక్స్28 కూడా అంచనాయే. కొలిచే పరికరం అప్పటికే దాని హద్దు తాకింది.

మచ్చల సంఖ్యల్లోనూ ఇదే చిక్కు. 2015లో ఆ కొలమానాన్ని సవరించారు. 19వ చక్రం గరిష్ఠం పాత పుస్తకాల్లో 201, కొత్త లెక్కలో 285.

"రెండు రోజులకొక జ్వాల" అన్న వాక్యం కొట్టెయ్యి. సగటు రోజుకు 0.5 అయితే, ఏ రోజైనా కనీసం ఒకటి వచ్చే అవకాశం 39 శాతం. అదీ సగటు నిలకడగా ఉన్నప్పుడే. అది నిలకడగా ఉండదు. 2024 మే 8 నుంచి 15 లోపు 13664 అనే ఒక్క మచ్చల గుంపే పదికి పైగా ఎక్స్ జ్వాలలు విసిరింది. వాటిని పది విడి సంఘటనలుగా లెక్కిస్తే సగటు తప్పుదోవ పట్టిస్తుంది.

సరి, బేసి చక్రాల తేడా గురించి నువ్వు కట్టిన సిద్ధాంతం వదిలెయ్యి. గోస్ కొలతలు 1975లో మొదలయ్యాయి. చేతిలో ఉన్నవి 21 నుంచి 25 వరకు ఐదే చక్రాలు, అందులో చివరిది ఇంకా నడుస్తోంది. ఐదింటితో నియమం కట్టకూడదు.

ఒక మాట విడిగా. రోహిణి కార్తె ఎండకూ జ్వాలలకూ ముడిపెట్టిన చివరి పేరా తీసెయ్యి. చక్రం పొడుగునా సూర్యుడి మొత్తం వెలుగు మారేది 0.1 శాతం మేరకే. మన ఊళ్ళలో ఆ పేరానే జనం పట్టుకుంటారు, మిగతాదంతా మరిచిపోతారు.

ముందు 0.7 సవరణ చేసి, ఎం1 పైవాటితో పట్టిక మళ్ళీ వేసి పంపు. వాక్యాల సంగతి ఆ తర్వాత చూద్దాం.

ఇట్లు,
నీ అన్నయ్య