ఎదుటివాళ్ల పద్యాలు కూడా నేర్చుకోమనండి

ప్రశ్న: అనంతపురం దగ్గర పల్లెలో ఉంటాం. మా చెల్లెలికి డిగ్రీ అయిపోయింది. మంచి గొంతు, పద్యాలు బాగా పాడుతుంది. పౌరాణిక నాటకాల్లో ఆర్టిస్టుగా వెళ్తానంటోంది. మా అమ్మ ససేమిరా ఒప్పుకోవడం లేదు. ఈ దారిలో బతుకు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు చెప్తారా?

జవాబు:

తమ్ముడూ, నేను కర్నూలులో ఉంటాను. 1989లో మొదటిసారి ముఖానికి రంగు వేసుకున్నాను. ముప్పై ఏళ్లకు పైగా చంద్రమతి, ద్రౌపది, సత్యభామ, చింతామణి వేషాలు వేశాను. ఆలూరు, పత్తికొండ, గుత్తి, తాడిపత్రి, జమ్మలమడుగు, ఆళ్లగడ్డ, ఈ చుట్టుపక్కల నేను రాత్రి మేలుకోని ఊరు తక్కువ. కాబట్టి విన్నది కాదు, పడ్డదే రాస్తున్నాను.

మీ చెల్లెలికి మంచి గొంతు ఉందన్నారు. సంతోషం. కానీ గొంతుతో పని సగమే అవుతుంది. మన సీమలో నాటకం ఎలా జరుగుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. ఊళ్లో పదిమంది కలిసి ఒక హార్మోనియం మాస్టారును పిలిపించుకుంటారు. ఆయన రెండు మూడు నెలలు ఊళ్లోనే ఉండి, పొలం నుంచి వచ్చినవాళ్లకు రాత్రిపూట రామాలయంలోనో బడిలోనో పద్యాలు నేర్పిస్తాడు. మగ వేషాలన్నీ ఊరివాళ్లవే. ఆడ వేషాలకు మాత్రం బయటి నుంచి ఆర్టిస్టులను మాట్లాడుకుంటారు. మేము నాటకం రోజు సాయంత్రం బస్సు దిగుతాం. రాత్రి పది గంటలకు తెర లేస్తుంది. మూడు నెలలు రిహార్సల్స్ చేసినవాళ్ల మధ్యకు ఒక్క రిహార్సల్ కూడా లేకుండా వెళ్లి నిలబడాలి. నా ఎదురుగా ఉన్న హరిశ్చంద్రుడి ముఖం నేను చూసింది అప్పటికి మూడు గంటల ముందు, అదీ మేకప్ వేయించుకుంటుండగా.

ఇంకో సంగతి. కృష్ణుడి వేషమంటే ఊళ్లో అందరికీ ఇష్టమే. ఒకరికిచ్చి ఇంకొకరికి ఇవ్వకపోతే మాట పట్టింపులు వస్తాయి. అందుకే ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని సీన్ల వారీగా పంచుకుంటారు. ఒక్కొక్కరిది ఒక్కో శ్రుతి, ఒక్కో పద్ధతి. ఒకాయన పద్యం అందుకుంటే రాగం అయిదు నిమిషాలైనా దిగడు. ఇంకొకాయన గబగబా పాడేసి నా వైపు చూస్తాడు. ముగ్గురితోనూ ఆ ఒక్క రాత్రిలోనే సర్దుకుపోవాలి.

అందుకని మీ చెల్లెలికి నేను చెప్పే మొదటి మాట, అసలు మాట ఇదే. తన వేషం పద్యాలు మాత్రమే నేర్చుకుంటే చాలదు. ఆ సీనులో ఎదుటివాళ్ల పద్యాలు, వచనం, ఎవరు ఎక్కడ లోపలికి వెళ్తారు, ఎవరు ఎక్కడ కూర్చుంటారు, అన్నీ కంఠస్థం కావాలి. మా మాస్టారు నాకు చంద్రమతి వేషం నేర్పేటప్పుడు హరిశ్చంద్రుడి పద్యాలు, విశ్వామిత్రుడి పద్యాలు, ఆఖరికి నక్షత్రకుడి వచనం కూడా అప్పజెప్పించుకున్నారు. అప్పట్లో విసుగొచ్చేది. ఎందుకు చేయించారో ఒక రాత్రి తెలిసింది.

ఆలూరు వైపు ఒక పల్లె. ఊరి దేవర, అంటే అమ్మవారి జాతర, అయిన మరునాడు సత్య హరిశ్చంద్ర నాటకం. హరిశ్చంద్రుడు వేసినాయన వేరుశనగ పండించే రైతు. యాభై దాటి ఉంటాయి. వారణాసి సీను బ్రహ్మాండంగా పాడాడు, ఒన్స్ మోర్ కూడా పడింది. కాటిసీను వచ్చేసరికి రాత్రి మూడు దాటింది. లోహితుడు వేసిన పిల్లవాడు నా ఒళ్లో నిజంగానే నిద్రపోయాడు, వాడి చెమట నా చీరకు అంటుకుంటోంది. ఈయన కర్ర పట్టుకుని వచ్చి పద్యం ఎత్తుకున్నాడు. రెండు పాదాలు పాడాడు. రాగం తీశాడు. మూడో పాదం రాలేదు. మళ్లీ రాగం తీశాడు. కర్ర పట్టుకున్న చెయ్యి వణకడం నాకు కనిపిస్తోంది. జనంలో ఆయన భార్య, కోడళ్లు, మనవలు, ఊరంతా ఉంది. పక్కన పుస్తకం పట్టుకుని అందించాల్సిన కుర్రాడు కునుకు తీస్తున్నాడు.

నేను పిల్లవాడి మీదకు వంగి "నాయనా లోహితా" అని ఏడుపు ఎత్తుకున్నాను. ఆ ఏడుపులోనే, ఆయన రాగంలోనే, మూడో పాదం మొదటి రెండు మాటలు కలిపేశాను. హార్మోనియం మాస్టారు అర్థం చేసుకుని ఆ స్వరం మీదే నిలబడ్డాడు. ఆయనకు అందింది. అందుకున్న తర్వాత ఆయన పాడిన తీరు నేను ఇప్పటికీ మర్చిపోలేను. భయం పోయిన గొంతు ఎంత బాగుంటుందో! జనానికి ఏమీ తెలియలేదు.

తెల్లారాక నేను ముఖానికి కొబ్బరినూనె రాసి రంగు తుడుచుకుంటుంటే ఆయన భార్య వచ్చింది. రవికగుడ్డ, ఆకు, వక్క చేతిలో పెట్టి, "యమ్మా, మా ఇంటాయన మర్యాద నిలబెట్టినావు" అంది. ఆయన గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు, లోపలికి రాలేదు. వాళ్లింట్లోనే ఉగ్గాని, బజ్జీ తిని బస్సెక్కాను. ఇన్నేళ్లలో నాకు వచ్చిన శాలువాలు చాలా ఉన్నాయి. ఆ రవికగుడ్డ మాత్రం కుట్టించుకోకుండా దాచుకున్నాను.

పద్యం నేర్చుకునే పద్ధతి గురించి కూడా చెప్పాలి. ఈ మధ్య చాలామంది పిల్లలు ఫోనులో వీడియో చూసి రాగంతో సహా పట్టేస్తున్నారు. రాగం వస్తుంది, మాట విరుగుతుంది. ఎక్కడ పదం ఆగాలో తెలియక సంధి మధ్యలో ఊపిరి పీలుస్తారు. ముందు పద్యాన్ని వచనంలా చదవమనండి, అర్థం చెప్పించుకోమనండి, ఆ తర్వాతే రాగం. శార్దూలంలో పాదానికి 19 అక్షరాలు, ఉత్పలమాలలో 20, చంపకమాలలో 21. ఆ 21 అక్షరాలూ మైదానం చివర చాప వేసుకుని పడుకున్న ముసలాయనకు విడివిడిగా వినబడాలి. ఆయనకు పద్యం ముందే వచ్చు. ఒక్క అక్షరం మింగినా ఆయనకు తెలిసిపోతుంది. మన పల్లెల్లో అక్షరం రాని పెద్దవాళ్లు పద్యాల్లో తప్పు పట్టుకోవడం నేను ఎన్నిసార్లు చూశానో.

ఇక మీ అమ్మగారి సంగతి. ఆడపిల్ల నాటకాల్లోకా అని ఆమె భయపడటంలో తప్పు లేదు. నేనూ ఒక ఆడపిల్ల తల్లినే. కానీ ఆమెకు ఒక మాట చెప్పండి. ఆడవాళ్లు నాటకం ఆడటం మన నేలకు కొత్త కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి కుటుంబం కీచకవధ ఆడింది. సురభి నాటకాలు పుట్టింది అక్కడే. ఊరి పేరే వాళ్ల ఇంటిపేరులా అయిపోయింది. మిగతా నాటక సమాజాల్లో ఆడ వేషాలు మగవాళ్లే వేస్తున్న రోజుల్లో ఆ కుటుంబాల ఆడవాళ్లు ఆడ వేషాలు వేశారు. అక్కడి నుంచి వచ్చిన సురభి కమలాబాయి గారే 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి.

మీ పాత అనంతపురం జిల్లా ధర్మవరంలో పుట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారిని ఆంధ్ర నాటక పితామహుడు అంటారు. నాటకంలో పద్యాలు, పాటలు రాగయుక్తంగా పాడే పద్ధతిని నిలబెట్టినవాళ్లలో ఆయన ముందుంటారు. ఆయన మేనల్లుడే బళ్లారి రాఘవ గారు. పేరులో బళ్లారి ఉన్నా పుట్టింది తాడిపత్రిలో. పెద్ద వకీలు. ఆడ వేషాలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టి, చదువుకున్న ఇళ్ల స్త్రీలను స్టేజీ ఎక్కించారు. కొమ్మూరి పద్మావతీదేవి గారు ఆయనతో నటించారు. మగవాళ్లు ఆడ వేషాలు వేయడం తక్కువ అని నేననను. బాపట్ల స్థానం నరసింహారావు గారు సత్యభామ వేసి అందరి చేతా ఔననిపించుకున్నారు, 1956లో పద్మశ్రీ కూడా వచ్చింది. కానీ మీ చెల్లెలు నిలబడబోయే చోటు కోసం మన ప్రాంతం వాళ్లే మాటలు పడి దారి వేశారన్నది మీ అమ్మగారికి తెలియాలి.

కష్టాలు దాచను. శివరాత్రి నుంచి ఉగాది, శ్రీరామనవమి, ఆ తర్వాత మే నెల తిరునాళ్ల దాకా సీజను. వానలు పడితే ఊళ్లు పొలాల్లో పడతాయి, మాకు పని ఉండదు. మళ్లీ వినాయక చవితికి, దసరాకు కొన్ని. అంటే నాలుగైదు నెలల సంపాదనతో ఏడాది నడపాలి. నాకు కుట్టుమిషను ఉంది కాబట్టి ఇల్లు గడిచింది. మీ చెల్లెలికి డిగ్రీ ఉందన్నారు, దాన్ని వదులుకోవద్దనండి. ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూ శనివారం రాత్రులు నాటకాలకు వెళ్లేవాళ్లు నాకు తెలుసు.

చదివింపులు ఉంటాయి. పద్యం నచ్చితే స్టేజీ మీదకు వచ్చి నోటు పిన్నుతో గుచ్చుతారు, మైకులో పేరు చెప్తారు. ఆ డబ్బు ఆర్టిస్టుదా, కమిటీదా అన్నది ముందే మాట్లాడుకోవాలి. నేను అడగకుండా వెళ్లి రెండుసార్లు గొడవపడ్డాను. ఒకసారి ఊళ్లకు ఆర్టిస్టులను కుదిర్చే కాంట్రాక్టరు ఒకాయన మూడు నాటకాలకు తీసుకెళ్లి, ఆఖరి రోజు తెల్లవారేసరికి ఊళ్లోనే లేడు. మేము ఇద్దరు ఆడవాళ్లం, చేతిలో బస్సు చార్జీలు కూడా లేవు. ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన ఇచ్చిన డబ్బుతో కర్నూలు చేరాం. అప్పటి నుంచి సగం అడ్వాన్సు చేతికి రాకుండా గడప దాటలేదు. రంగు వేసుకోవడానికి, చీర మార్చుకోవడానికి గొళ్లెం ఉన్న గది, తెల్లారాక బస్టాండుదాకా బండి, ఈ రెండూ ఫోనులోనే ఖాయం చేసుకోవాలి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు. మర్యాద గల ఊళ్లు అడగకముందే చూస్తాయి. మొదటి రెండేళ్లు ఇంట్లోంచి ఎవరో ఒకరు తోడు వెళ్లండి. నాకు మా అమ్మ వచ్చేది, మేకప్ పెట్టె మీద తల పెట్టి పడుకునేది.

టౌనులో ఇల్లు అద్దెకు దొరకడం కూడా కష్టమే. రాత్రి వెళ్లి పొద్దున వస్తుందని తెలిసి ఒక ఇంటాయన నెల తిరగకుండా ఖాళీ చేయమన్నాడు. అప్పట్లో చాలా ఏడ్చాను. తర్వాత దొరికిన ఇంటామె మాత్రం నా ద్రౌపది పద్యాలు వినడానికి కోడుమూరుదాకా వచ్చింది.

గొంతు మాట. పై శ్రుతిలో రాత్రంతా పాడి, పొద్దున బస్సు కిటికీ దగ్గర గాలికి కూర్చుని, మళ్లీ సాయంత్రం ఇంకో ఊళ్లో పాడేదాన్ని. 2007 సీజను మధ్యలో గొంతు పూర్తిగా పట్టేసింది. మిరియాల కషాయం, పటికబెల్లం అన్నీ చేశాను. చివరికి గొంతు డాక్టరు దగ్గరకు వెళ్తే రెండు నెలలు గుసగుసగా కూడా మాట్లాడొద్దన్నారు. ఆ సీజను పోయింది. వరుసగా మూడు రాత్రులు ఒప్పుకోవద్దని మీ చెల్లెలికి చెప్పండి. మగ ఆర్టిస్టు శ్రుతి తనకు పడకపోతే హార్మోనియం మాస్టారుకు నాటకానికి ముందే చెప్పాలి. సిగ్గుపడి ఆ శ్రుతిలోనే పాడితే పోయేది తన గొంతే.

కాంట్రాక్టు నాటకాలే కాదు, పరిషత్తు పోటీలు కూడా ఉన్నాయి. అక్కడ అందరూ కలిసి నెలల తరబడి రిహార్సల్స్ చేస్తారు. నంది నాటకోత్సవాల్లో పద్యనాటకాలకు ప్రత్యేకంగా బహుమతులుంటాయి. డబ్బు పెద్దగా రాదు కానీ పేరొస్తుంది, తప్పులు దిద్దేవాళ్లు దొరుకుతారు. కడప ఆకాశవాణిలో ఆడిషన్ ఇవ్వమనండి, మైకు ముందు ఒదిగి పాడటం అలవాటవుతుంది.

ఒక చిన్న పని మొదటి నాటకం నుంచే చేయమనండి. ప్రతి కరపత్రం, ప్రతి ఫొటో, పేపర్లో వచ్చిన ప్రతి ముక్క తేదీ వేసి దాచుకోవాలి. 60 ఏళ్లు దాటి ఆదాయం తక్కువగా ఉన్న కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ నెలనెలా సాయం చేస్తుంది. దానికి ఇన్నేళ్లు ఆడానని కాగితాలతో చూపించాలి. నాతోపాటు ఆడిన ఒక అక్క, నాకంటే ఎంతో గొప్ప సత్యభామ, దగ్గర ఒక్క కరపత్రం కూడా లేదు. వానకు తడిసి అన్నీ పోయాయట. ఆమె కోసం ఊరూరా తిరిగి పాత కమిటీ వాళ్ల ఇళ్లల్లో గోడలకు అంటించిన కరపత్రాలకు నేను ఫొటోలు తీసుకొచ్చాను. ఎనిమిది దొరికాయి.

ఇప్పుడే వేషానికి ఒప్పుకోనివ్వకండి. రాబోయే శివరాత్రికి మీ దగ్గర్లో ఎక్కడ నాటకం ఉంటే అక్కడికి మీ అమ్మగారిని, చెల్లెలిని తీసుకెళ్లండి. జనంలో కాదు, హార్మోనియం పక్కన కూర్చోబెట్టమని మాస్టారును అడగండి, కాదనరు. అక్కడి నుంచి ఆర్టిస్టు ముఖం, తెర వెనక ఆమె నీళ్లు తాగడం, ఎదుటివాడి పద్యానికి ఆమె పెదవులు కదలడం, అన్నీ కనిపిస్తాయి. తెల్లారి మంగళహారతి దాకా ఉండండి. దుప్పట్లు తీసుకెళ్లండి, మూడు దాటాక చలి పెడుతుంది.