ఇంటర్‌లో 58, ఇంజినీరింగ్‌లో 11: ఫిజిక్స్ ఎందుకు తిరగబడింది?

ప్రశ్న: మేం గాజువాకలో ఉంటాం. మా అమ్మాయికి ఇంటర్ రెండేళ్లూ ఫిజిక్స్‌లో 60కి 58 తగ్గలేదు. ఇప్పుడు ఈసీఈ మొదటి సంవత్సరం. మొదటి మిడ్‌లో ఫిజిక్స్‌కి 30కి 11 వచ్చాయి. క్లాసులో సార్ చెబుతుంటే అర్థమవుతోందట, ఇంటికొచ్చి పుస్తకం తీస్తే ఏమీ తోచడం లేదట. రాత్రి పన్నెండు దాకా కూర్చుంటోంది. ‘నాకు ఇంజినీరింగ్ పడదమ్మా, మానేసి బీసీఏలో చేరతా’ అని ఏడుస్తోంది. ఏం చేయమంటారు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ఈ 11 మార్కులు చూసి కాలేజీ మాన్పించకండి. ఏటా మొదటి మిడ్ అయ్యాక ఇలాంటి పిల్లలు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. వాళ్లలో ఎక్కువమంది ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లే.

పోయిన నెల ఎంవీపీ కాలనీ నుంచి ఓ కుర్రాడు వచ్చాడు, ఇదే బాధతో. బల్ల మీది తాళాల గుత్తి పైకి ఎగరేసి పట్టుకున్నాను. ‘నా చెయ్యి వదిలాక, పైకి వెళ్తున్నప్పుడు దీని మీద ఏ బలం పనిచేస్తోంది?’ అని అడిగాను. ‘మీరు విసిరిన బలం సార్, పైకి’ అన్నాడు. ‘అన్నిటికన్నా పైన, క్షణం ఆగినచోట త్వరణం ఎంత?’ అంటే, ‘సున్నా’ అన్నాడు. తర్వాత ఒక లెక్క ఇచ్చాను: సెకనుకు 20 మీటర్ల వేగంతో పైకి విసిరితే ఎంత ఎత్తుకు పోతుంది? అర నిమిషంలో 20.4 మీటర్లని తేల్చేశాడు. ఆ లెక్కలో మొదటి నుంచి చివరి దాకా 9.8 త్వరణం వాడింది తనే. అదే 9.8 తాళాల గుత్తి మీద, ఆగిన ఆ క్షణంలో కూడా, కిందికే పనిచేస్తోందని తోచలేదు. చెయ్యి వదిలాక పైకి నెట్టే బలమేదీ ఉండదనీ తోచలేదు. నేను చెప్పాక తాళాలు తీసుకుని తనే నాలుగైదుసార్లు ఎగరేసి చూసుకున్నాడు.

ఇది మన పిల్లల ఒక్కరి సంగతే కాదు. 1990 ప్రాంతంలో అమెరికాలోని హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ప్రొఫెసర్ తన దగ్గర ఫిజిక్స్ ప్రాథమిక కోర్సు చదివే విద్యార్థులకు సరిగ్గా ఇలాంటి ప్రశ్నలతో పరీక్ష పెట్టారు. పెద్ద లెక్కలు చేసేవాళ్లే ఇక్కడ తడబడ్డారు. మీరు నేర్పినట్టు రాయాలా, నేను మామూలుగా అనుకునేట్టు రాయాలా అని ఒక విద్యార్థి అడిగారట. ఆ తర్వాత ఆయన పాఠం చెప్పే పద్ధతే మార్చేశారు. ప్రశ్న వేసి, పక్కవాళ్లతో వాదించుకోమనేవారు. అదే యూనివర్సిటీలో జరిగిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. క్లాసులో ప్రశ్నలతో తామే కుస్తీపట్టిన విద్యార్థులు పరీక్షలో ఎక్కువ నేర్చుకున్నట్టు తేలింది, కానీ తాము తక్కువే నేర్చుకున్నామని వాళ్లకు అనిపించింది. చక్కటి లెక్చర్ విన్నవాళ్లకు దీనికి తిరగబడి అనిపించింది. ‘సార్ చెబుతుంటే అర్థమవుతోంది’ అని మీ అమ్మాయి అనడం వెనక ఉన్నది అదే.

ఇక్కడి నుంచి ఈ కాగితం ఆమెకే ఇవ్వండి.

తల్లీ, నీకు ల్యాబ్‌లో న్యూటన్స్ రింగ్స్ ప్రయోగం ఉంటుంది. చీకటి గది, పసుపురంగు సోడియం దీపం, గాజుపలక మీద లెన్సు, మైక్రోస్కోపులో వలయాలు. సీనియర్ల రికార్డు చూసి, ఆ దీపం కాంతి తరంగదైర్ఘ్యం 5893 ఆంగ్‌స్ట్రామ్‌లు రావాలని రీడింగులు వెనక నుంచి లెక్కకట్టి రాసేవాళ్లు చాలామంది. నువ్వు ఆ పని చేయకు. క్రాస్‌వైర్‌ని వలయం అంచుకు ఆనించు, స్క్రూని ఒకే దిక్కుకు తిప్పు. కాస్త వెనక్కి తిప్పినా మరలో ఉన్న సందు వల్ల రీడింగు తప్పుతుంది. 5893 రాకపోతే ఎక్కడ తేడా వచ్చిందో వెతుకు. ఆ తర్వాత రెండు ప్రశ్నలు వేసుకో. మధ్యలో నల్లచుక్క ఎందుకు? లెన్సు తగిలినచోట గాలిపొర మందం దాదాపు సున్నా, కింది గాజు మీంచి తిరిగొచ్చే కాంతి తలకిందులవుతుంది, గాలిపొర పైఅంచు నుంచి తిరిగొచ్చేదాంతో కలిసి చెరిగిపోతుంది. బయటికి పోయేకొద్దీ వలయాలు దగ్గరవుతాయెందుకు? అది నేను చెప్పను, లెన్సు వంపు బొమ్మ గీసి నువ్వే చూడు. వాన పడ్డాక మెకానిక్ షెడ్ ముందు నీళ్ల మీద తేలే నూనె రంగులకూ దీనికీ చుట్టరికం ఉంది.

రోజూ గంట చాలు, పన్నెండు దాకా వద్దు. క్లాసు నోట్సు మూసి, తెల్లకాగితం మీద అదే డెరివేషన్ రాయి. ఏ లైను దగ్గర ఆగావో అక్కడ గీత గీసి, మర్నాడు సార్‌ని ఆ ఒక్క లైనే అడుగు. ‘ఏమీ అర్థం కాలేదు సార్’ అంటే ఆయనా ఏం చెప్పలేరు. కాలేజీ బస్సులో పక్కనుండే అమ్మాయితో రోజుకొక ప్రశ్న మీద వాదన పెట్టుకో. నేను ఇచ్చే సలహాల్లో పిల్లలు తేలిగ్గా తీసుకునేది ఇదే, బాగా పనిచేసేదీ ఇదే.

మళ్లీ మీకమ్మా. కంప్యూటర్ సైన్స్‌కి మారినా మొదటి ఏడాది ఫిజిక్స్ తప్పదు. ఈసీఈలో అయితే ఇప్పటి సెమీకండక్టర్ల పాఠం మీదే వచ్చే ఏడాది సబ్జెక్టులు నిలబడతాయి. రెండో మిడ్ ఉంది, ఆ తర్వాత 70 మార్కుల సెమిస్టర్ పరీక్ష ఉంది. చాలా కాలేజీల్లో ఎక్కువ మార్కులొచ్చిన మిడ్‌కే ఎక్కువ వెయిటేజీ, మీ కాలేజీలో ఎలాగో కనుక్కోండి. ఒకవేళ తప్పినా సప్లిమెంటరీ ఉంటుంది. ప్లేస్‌మెంట్ల నాటికి మాత్రం బ్యాక్‌లాగ్ మిగలకూడదు. బీసీఏ మంచి కోర్సే. ప్రోగ్రామింగ్ ఇష్టపడి చేరితే నేను అడ్డం చెప్పను, ఫిజిక్స్ భయంతో చేరితే ఒప్పుకోను.

రాత్రి అన్నాల దగ్గర ‘ఇవాళ ఏం చదివావో నాకు చెప్పవే’ అని అడగండి. మీకు అర్థమయ్యేలా చెప్పే ప్రయత్నంలో ఆమెకే ముడి విడుతుంది. పక్కింటి పిల్లల మార్కులు మాత్రం ఎత్తకండి. రెండో మిడ్ అయ్యాక ఎన్ని వచ్చినా నాకు మళ్లీ రాయండి. అప్పటికీ బీసీఏ అనే అంటే, ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందాం.